ఒంటరి గినీ పిగ్‌కు తోడు కూర్చడం

మా ఇంట్లోని రెండు ఆడ గినీ పిగ్‌లలో పెద్దదైన తార వయసు మీరి చనిపోయిన తరువాత, మిగిలిపోయిన గౌరి తిండి మానలేదు, జబ్బూ పడలేదు. అయితే ఫ్రిజ్ తలుపు చప్పుడు కాగానే కొత్తిమీర కోసం ఇల్లు అదిరేలా కూసే ఆ ప్రాణి క్రమంగా కూత తగ్గించి, రోజులో ఎక్కువ భాగం తన చెక్క గూటిలోనే గడపసాగింది. మేము ఒళ్లో కూర్చోబెట్టుకున్నాము, చేత్తో తినిపించాము, సాయంత్రాలు హాల్లో వదిలి దాని పక్కనే కూర్చున్నాము. అవన్నీ దానికి ఇష్టమే. కానీ తన జాతి ప్రాణి పక్కన ఉంటే కలిగే ధీమాను మేము ఎంత చేసినా ఇవ్వలేమని త్వరలోనే అర్థమైంది.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్న ఈ జంతువు సహజంగా చిన్న చిన్న గుంపులుగా బతికేది. ఒకటి మేస్తుంటే మరొకటి చెవులు రిక్కించి ఉంటుంది, ఒకటి బెదిరితే అన్నీ దాక్కుంటాయి, అంతా సద్దుమణిగిందని ఒకదాన్ని చూసి ఒకటి తెలుసుకుంటాయి. ఒంటరిగా ఉన్నది ఆ కాపలా అంతా తానే కాయాలి. స్విట్జర్లాండ్‌లో 2008లో వచ్చిన జంతు సంరక్షణ నిబంధనలు గినీ పిగ్‌ను తోడు లేకుండా పెంచకూడదని చెప్పడానికి కారణం ఈ స్వభావమే. కుందేలు ఉంది కదా, రెంటినీ కలిపి ఉంచవచ్చు కదా అని అడిగేవారికి నా సమాధానం స్పష్టంగా వద్దనే. కుందేలు వెనుక కాళ్లతో తన్నితే గినీ పిగ్ ఎముకలు విరగవచ్చు, పైగా కుందేళ్లలో ఏ లక్షణమూ లేకుండా ఉండే బోర్డెటెల్లా అనే బాక్టీరియా గినీ పిగ్‌కు సోకితే ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు.

ఎలాంటి తోడు తేవాలన్నది అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసిన విషయం. రెండు ఆడవి సాధారణంగా సర్దుకుంటాయి. రెండు మగవి కూడా కలిసి బతకగలవు గానీ వాటికి విశాలమైన చోటు కావాలి, దగ్గర్లో ఆడవాటి వాసన ఉండకూడదు, ఒక జంటకు మూడో మగదాన్ని చేర్చకూడదు. ఆడదానికి మగదాన్ని జత చేయాలంటే ముందుగా మగదానికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి, ఆ తరువాత సుమారు ఆరు వారాలు విడిగా ఉంచాలి. ఈ జాగ్రత్త ఎందుకంటే, ఆరేడు నెలల వయసు దాటే వరకు ఒక్కసారి కూడా ఈనని ఆడదానికి కటి ఎముకలు బిగుసుకుపోయి, ఆ తరువాత చూలు నిలిస్తే కాన్పు కష్టమై తల్లీ పిల్లలూ చనిపోయే ప్రమాదం ఉంది. దుకాణాల్లో ఆడ, మగ కలిపి ఒకే పెట్టెలో ఉంచడం తరచుగా కనిపిస్తుంది. ఆడ గినీ పిగ్ పిల్లలు నాలుగు నుంచి ఆరు వారాల వయసుకే చూలు కట్టగలవు, గర్భం 59 నుంచి 72 రోజులు ఉంటుంది. అందువల్ల అక్కడినుంచి తెచ్చిన ఆడది రెండు నెలల తరువాత పిల్లల్ని పెడితే ఆశ్చర్యం లేదు. అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా పశువైద్యుని చేత ఆడదో మగదో నిర్ధారించుకోవడమే మంచిది.

వయసు, ఆడమగ తేడా కుదిరినంత మాత్రాన జత కుదరదు, స్వభావం కూడా కుదరాలి. గౌరి పెత్తనం చేసే రకం, తార ఉన్నప్పుడు కూడా తిండిగిన్నె దగ్గర ముందు వరుస దానిదే. ఇలాంటిదానికి మరో పెత్తందారును తెస్తే పోరు తప్పదు గనుక నెమ్మదస్తురాలి కోసం వెతికాము. విశాఖలోని గాజువాకలో ఒక కుటుంబం వేరే ఊరికి బదిలీ అయి వెళుతూ తమ ఏడాది వయసున్న మల్లిని ఎవరికైనా అప్పగించాలని చూస్తున్నదని తెలిసి, వెళ్లి చాలాసేపు దాని తీరు గమనించి, ఆ తరువాతే తెచ్చుకున్నాము. దుకాణంలో కొనడం కంటే ఇలా ఇళ్లలో వదులుకుంటున్నవాటిని తీసుకోవడం నాకు మేలనిపిస్తుంది. వాటి అలవాట్లు, తిండి, గత జబ్బులు చెప్పేవారు ఉంటారు, ఒక ప్రాణికి గూడు దొరుకుతుంది.

తెచ్చిన రోజే రెంటినీ కలపాలన్న ఆత్రం ఇంట్లో అందరికీ ఉంటుంది. ఆ ఆత్రాన్ని రెండు మూడు వారాలు ఆపుకోవడం తప్పనిసరి. గజ్జిపురుగులు, తామర, ఊపిరితిత్తుల జబ్బులు కొత్త వాతావరణపు ఒత్తిడిలోనే బయటపడతాయి. మల్లిని మేము వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచి, ముందు గౌరి పని చూసుకొని తరువాతే దాని దగ్గరకు వెళ్లేవాళ్లం, వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కునేవాళ్లం. వంటింటి త్రాసు మీద తరచుగా బరువు చూసేవాళ్లం. గినీ పిగ్ జబ్బును దాచిపెట్టే జంతువు, కంటికి ఏమీ కనబడకముందే బరువు తగ్గడం ద్వారానే అది తెలుస్తుంది. మనుషుల్లాగే వీటి ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు బయటినుంచి అందాలి. అంతకుముందు ఎక్కువగా పెల్లెట్లు అనే గుళికల మేత మీదే బతికిన మల్లికి ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి తెచ్చిన క్యాప్సికం, కొత్తిమీర కొద్దికొద్దిగా అలవాటు చేశాము. ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, శుభ్రంగా కడిగిన గరిక కూడా రెండూ ఎంతో ఇష్టంగా తింటాయి.

విశాఖలో రెంటినీ కలపడానికి కాలం కూడా చూసుకోవాలి. గినీ పిగ్‌కు 18 నుంచి 24 డిగ్రీల చల్లదనం హాయిగా ఉంటుంది. వీటికి చెమట పట్టదు, ముప్పై డిగ్రీల ఉక్కపోతలో వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఒకదాన్నొకటి తరుముకునే పరిచయపు రోజుల్లో ఒంటి వేడి మరింత పెరుగుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన తీరపు గాలిలోని తేమను ఎరిగినవారు ఈ పనిని ఏసీ గదిలోనైనా పెట్టుకోవాలి, లేదా చలికాలానికి వాయిదా వేయాలి. మేము చలికాలపు ఉదయాన్నే ఎంచుకున్నాము.

కలిపే చోటు రెండింటిలో దేనిదీ కాకూడదు. హాల్లో నేల మీద, గౌరి ఎప్పుడూ తిరగని మూలన, ఉతికిన దుప్పటి పరిచి చుట్టూ అడ్డు పెట్టాము. నాలుగైదు చోట్ల ఎండుగడ్డి కుప్పలు, విడివిడిగా కూరగాయలు, రెండు నీటి గిన్నెలు ఉంచాము. దాక్కునే గూళ్లకు రెండు వైపులా ద్వారం ఉండాలి, ఒకే ద్వారమున్న గూట్లో చిక్కుకున్నది తప్పించుకోలేక తిరగబడుతుంది. రెంటినీ ఒకేసారి దించి, మేము కొంచెం దూరంగా కూర్చున్నాము.

మొదట అవి గడ్డి తినడంలో మునిగిపోయాయి. కాసేపటికి గౌరి మల్లి వెనుక చేరి వాసన చూసింది, నడుము ఊపుతూ గురగురమని శబ్దం చేస్తూ చుట్టూ తిరిగింది, పైకెక్కబోయింది, తరిమింది. మల్లి కీచుమని అరిచి గడ్డి కుప్ప వెనక్కి పరుగెత్తింది. మా అమ్మ గాభరా పడి, "కొట్టుకుంటున్నాయే, ముందు తీసెయ్యవే" అంది. ఆ అరుపు వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆ అరుపుకు "నువ్వే పెద్దదానివి, ఒప్పుకున్నాను" అన్న అర్థమే ఎక్కువ. తరమడం, పైకెక్కడం, గడ్డం ఎత్తి ఎవరి తల పైనుందో చూసుకోవడం, వెంట్రుకలు పీకడం, కాసేపు పళ్లు టకటకలాడించడం, ఇవన్నీ ఎవరు పెద్ద ఎవరు చిన్న అని తేల్చుకునే పద్ధతులు. మధ్యలో ఎత్తి విడదీస్తే ఆ వ్యవహారం తేలకుండా ఆగిపోయి, మళ్లీ కలిపినప్పుడు మొదటినుంచీ సాగుతుంది. అందుకే వాటి గొడవ మనకు ఎంత బాధ కలిగించినా, హద్దు దాటనంత వరకు చేతులు కట్టుకొని కూర్చోవడమే మనం చేయగల మేలు అని నా గట్టి నమ్మకం.

ఆ హద్దు ఎక్కడుందో తెలియకుండా మాత్రం ఈ పనికి పూనుకోకూడదు. రెండూ ఎదురెదురుగా మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకొని, పళ్లు గట్టిగా ఆగకుండా కొట్టుకుంటూ, వెనుక కాళ్ల మీద లేచి ఒకదాని మీదికి మరొకటి దూకితే అది అసలైన పోట్లాట. రక్తం కనబడినా, ఒకదాన్నొకటి కరచుకొని బంతిలా దొర్లినా వెంటనే విడదీయాలి, అదీ వట్టి చేత్తో కాదు, మందపాటి తువ్వాలు మధ్యలో వేసి. తువ్వాలును ముందే పక్కన సిద్ధంగా పెట్టుకోవాలి. అలా గాయపడిన జంటను వెంటనే మళ్లీ కలపకుండా, పక్కపక్క కేజ్‌లలో ఒకదాన్నొకటి చూస్తూ, వాసన తెలుస్తూ బతకనివ్వడం మంచిది. గినీ పిగ్‌కు అది కూడా ఒంటరితనం కంటే ఎంతో మేలైన జీవితం. సాధారణంగా సాధువుగా ఉండే పెద్ద వయసు ఆడది అదేపనిగా ఎక్కుతూ కోపం ప్రదర్శిస్తుంటే, డొక్కల మీద రెండు వైపులా వెంట్రుకలు రాలుతుంటే, అండాశయంలో నీటి తిత్తులు ఉన్నాయేమో వైద్యునికి చూపించాలి. అది స్వభావం కాకపోవచ్చు. మామూలుగా కూడా సుమారు 16 రోజులకోసారి ఎదకు వచ్చినప్పుడు ఆడవి గురగురమంటూ గొడవ పెట్టుకుంటాయి, రోజు తిరిగేసరికి సద్దుమణుగుతాయి.

మధ్యాహ్నానికి రెండూ ఒకే గడ్డి కుప్పకు చెరో వైపున చేరాయి. అయినా మేము తొందరపడలేదు. ఈలోగా గౌరి పాత కేజ్‌ను వంటసోడా కలిపిన నీటితో కడిగి, గుడ్డలన్నీ మార్చి, సామాను చోటు మార్చి, దాని పాత వాసన మిగలకుండా చేశాము. సాయంత్రం అవి పక్కపక్కన మేస్తున్నప్పుడు రెంటినీ ఒకేసారి అందులో దించాము. రెండింటికి కనీసం పది చదరపు అడుగుల నేల ఉండాలి, చోటు ఇరుకైతే ఎంత మంచి జత అయినా చెడుతుంది. కేజ్‌లో తరుముళ్లు మళ్లీ మొదలై కొన్ని రోజులు సాగుతాయి, కంగారు పడనక్కరలేదు. ఆ రోజుల్లో చిన్నదాని బరువు తగ్గడం లేదు కదా, దానికి నీళ్లూ గడ్డీ అందుతున్నాయి కదా అన్నది మాత్రం తప్పకుండా చూడాలి.

ఇప్పుడు తిండిగిన్నె దగ్గర గౌరిదే ముందు వరుస, మల్లి పక్కనుంచి లాక్కుంటుంది. పొద్దున్నే ఫ్రిజ్ దగ్గర కూత రెండు గొంతులతో వినిపిస్తోంది. గౌరికి నాలుగేళ్లు దాటాయి, ఈ జంతువులు సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి గనుక ఏదో ఒకనాడు మల్లి ఒంటరిదవుతుంది. అప్పుడు పిల్లను తేకుండా, మల్లి వయసుకు దగ్గరగా ఉండి ఎవరో వదులుకుంటున్న ఆడదాన్నే వెతకాలని మేము ఇప్పటికే నిశ్చయించుకున్నాము. విడిగా ఉంచడానికి వాడిన ఆ రెండో కేజ్‌ను అందుకోసమే కడిగి అటక మీద భద్రపరిచాము.