పిన్ని వాళ్ళకి పాతబస్తీ చూపించిన బుధవారం

సంక్రాంతి అయ్యాక పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, వచ్చే వారం నలుగురం వస్తున్నాం, పాతబస్తీ అంతా తిప్పి చూపించాలి" అంది. నలుగురంటే పిన్ని, బాబాయి, మరదలు, ఏడేళ్ళ పిల్లాడు. తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు కాబట్టి చార్మినార్ ముందు దిగిన ఫొటో ఒకటి అదే రోజు అక్కడికి చేరి తీరాలి. వీళ్ళది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాబాయి హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అదీ ఎవరినో ఆసుపత్రిలో చూడ్డానికి.

ముందు కారు మాట్లాడదామనుకున్నాను. కానీ పాతబస్తీలో కారు పెట్టడానికి చోటు వెతికే టైములో ఒక మ్యూజియం చూసి రావచ్చు. అందుకని నడకే అని తేల్చాను. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, బాబాయికి షుగరు, పిల్లాడికి గంటకోసారి బాత్రూమ్. ఇవన్నీ నాకు తేల్చేశాక గుర్తొచ్చాయి.

రోజు కుదర్చడానికే రెండు రోజులు పట్టింది. శుక్రవారానికి సెలవు పెట్టేశాను కూడా. తీరా చూస్తే సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారమే మూస్తారు. మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ సరేసరి. పోనీ గురువారం అంటే పిన్ని ఆ రోజు నీచు ముట్టదు, సాయిబాబా. శనివారం వెంకన్న. మంగళవారం ఆంజనేయస్వామి, సోమవారం శివుడు, ఆ రెండూ బాబాయివి. "పాతబస్తీ దాకా వెళ్ళి బిర్యానీ తినకుండా వచ్చామంటే మా ఊళ్ళో నవ్వుతారు బావగారూ" అని మరదలు. ఆదివారం లాడ్ బజార్లో కాలు పెట్టే సందు ఉండదు. దేవుళ్ళందరూ వదిలిన రోజు ఒక్క బుధవారమే. మేనేజర్‌కి మళ్ళీ మెయిల్ పెట్టాను, కారణం మాత్రం రాయలేదు.

ఆ ముందు ఆదివారం నేనొక్కణ్ణే వెళ్ళి దారంతా నడిచి చూశాను. చార్మినార్ నుంచి చౌమహల్లాకి ఫోన్ మ్యాప్ పది నిమిషాలంది, నాకు తొమ్మిది పట్టింది. ఆ లెక్క పిన్నికి పనికి రాదని తెలుస్తూనే ఉంది. అందుకని చూడాల్సినవి పక్కన పెట్టి, కూర్చోడానికి వీలున్న చోట్లు రాసుకుంటూ పోయాను. చాయ్ హోటల్, ప్యాలెస్ తోటలో నీడ, భోజనానికి మదీనా చౌరస్తా, మ్యూజియం వరండాలు. పక్కనే బాత్రూమ్ ఉన్న చోటికి టిక్కు. ఇంటికొచ్చి చూసుకుంటే ఐదు టిక్కులు, వాటి మధ్య అరగంట నడక మించలేదు. ఇక పూట మార్చడమే. ఎండ ముదరక ముందు బయటివి, మధ్యాహ్నం మ్యూజియం. వెళ్ళేటప్పుడు మియాపూర్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో, రైలు మారక్కర్లేదు. అక్కణ్ణుంచి చార్మినార్‌కి ఆటో. వెనక్కి మూసీ వైపు నడక. అంటే కాళ్ళు అలిసే కొద్దీ ఇంటికి దగ్గరవుతాం. ఈ ఒక్క విషయంలో మాత్రం నా ప్లాన్‌ని నేనే మెచ్చుకున్నాను.

అన్నీ చూసుకున్నాను గానీ చెప్పులు చూడలేదు. పండక్కి కొన్న కొత్త చెప్పులు వేసుకొచ్చింది పిన్ని. ఆటో దిగి వంద గజాలు నడవకుండానే చెప్పు కరిచింది. ఇరానీ చాయ్ తాగుతూ మడమకి ప్లాస్టర్ వేశాం. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచిన బాబాయి, అది విరిగి కప్పులో పడిపోతే చెంచా కోసం చుట్టూ చూశాడు. పక్క బల్ల దగ్గర పెద్దాయన ఏమీ మాట్లాడకుండా తన సాసరు చూపించాడు, ఇందులో పోసుకోండి అన్నట్టు.

చార్మినార్ పైకి మరదలు, పిల్లాడు, నేను ఎక్కాం. మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి, ఒక్కో మెట్టూ ఎత్తు. పిన్నిని కింద కూర్చోబెట్టి రావడమే మంచిదైంది. 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడని, మినార్ ఎత్తు దాదాపు 160 అడుగులని దిగాక బాబాయికి చెప్పాను. తలెత్తి కాసేపు చూసి, "రెండు కొబ్బరి చెట్లు" అన్నాడు.

చౌమహల్లా గురించి పెద్దగా చెప్పను. దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు వేలాడుతుంటాయి, అందరూ నోళ్ళు తెరిచి చూస్తారు, మేమూ తెరిచాం. పిల్లాడికి మాత్రం పసుపుపచ్చ రోల్స్ రాయిస్ నచ్చింది. తోటలో అరగంట కూర్చున్నాం. టిక్కు ఒకటి సార్థకం.

లాడ్ బజార్‌కి నేనిచ్చింది అరగంట. పట్టింది గంటన్నర. తప్పు పిన్నిది కాదు, నాదే. పక్క సందులో గాజులు చేసేచోటు ఉంది, ఒక్క నిమిషం చూసొద్దామని తీసుకెళ్ళింది నేనే. గాజులు చేసేతను కుంపటి ముందు కూర్చుని లక్క ముద్దని వేడి చేసి, చెక్క మీద దొర్లించి తాడులా సాగదీస్తాడు. ముక్క తెంపి గుండ్రంగా చుట్టి, కొస సన్నగా ఉండే కర్ర కొయ్యకి తొడిగి సైజు సరిచూస్తాడు. అది ఇంకా వేడిగా ఉండగానే చిన్న పట్టకారుతో ఒక్కో రాయీ తీసి అద్దుతాడు. ఒక్క గాజుకి ఎన్ని రాళ్ళో పిల్లాడు లెక్కపెట్టబోయి నలభై దగ్గర తప్పిపోయాడు. ఈ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది.

"నాది రెండు ఆరు" అంది పిన్ని. రెండు ఆరు అంటే రెండంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. గాజు మెటికల దగ్గర ఆగిపోయింది. కొట్టతను చెయ్యి చూసి, అడక్కుండానే రెండు ఎనిమిది తీసిచ్చాడు. "ఎండకి చెయ్యి వాచిందిరా" అని నాకు సంజాయిషీ ఇచ్చుకుంది. జనవరి ఎండ! బాబాయి బేరానికి దిగాడు. "ఎంతండీ భాయ్", "అలాక్కాదండీ భాయ్" అని ఈయన, దక్కనీలో ఆయన. ఒకరి భాష ఒకరికి సగం కూడా రాదు. అయినా ఇద్దరూ ఒకే ధర దగ్గరికి వచ్చి ఆగారు. బావుంది గానీ, ఆ బేరం దెబ్బకి ముత్యాల కొట్లూ, నిజాంల పాత ప్యాలెస్ పురానీ హవేలీ జాబితాలోంచి ఎగిరిపోయాయి. మక్కా మసీదుని రోడ్డు మీంచే చూశాం.

మ్యూజియంలో పాటల గడియారం రెండు గంటలు కొట్టేసరికి మేం మదీనా దగ్గర బిర్యానీ ముందు ఉన్నాం. మ్యూజియానికి చేరి, మేలిముసుగు రెబెక్కా శిల్పం దగ్గర ఆగాం. చలవరాయిలో అంత పల్చటి ముసుగు చెక్కింది బెంజోనీ అనే ఇటలీ శిల్పి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడట. మరదలు దాని ముందు నిలబడి, ముసుగు అంచు రాతిదేనా అని రెండుసార్లు అడిగింది. అక్కణ్ణుంచి గడియారం దగ్గరికి వస్తే మూడింటికి ఇంకా పావుగంట ఉంది. జనం అప్పటికే చేరి ఉన్నారు. కూర్చుని ఎదురుచూడ్డం తప్ప చేసేది లేదు. పిన్ని కుర్చీలో చేరబడి కునుకు తీసింది, చెప్పులు వదిలేసి. నేను రాసుకొచ్చిన ఐదు చోట్లలోనూ ఆవిడకి ఇంత విశ్రాంతి దొరకలేదు.

గడియారంలో కమ్మరి బొమ్మ ఒకటి క్షణక్షణానికీ సుత్తి దెబ్బ వేస్తూ ఉంటుంది. గంటకి కాస్త ముందు గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతాడు. ముందురోజు పిల్లాడికి ఫోన్లో వీడియో చూపించాను, అందులో పన్నెండు. వీడు వేళ్ళు మడుస్తూ సిద్ధంగా నించున్నాడు.

"పెదనాన్నా, మూడే కొట్టాడు!"

మూడింటికి మూడే కొడతాడని చెబితే ఒప్పుకోలేదు. ఉదయాన్నే మ్యూజియం పెట్టుకుని ఉంటే పన్నెండూ దక్కేవి. పిల్లలున్న వాళ్ళు ప్లాన్ వేసుకునేటప్పుడు ఈ ముక్క గుర్తుంచుకోండి, నాకు ఎవరూ చెప్పలేదు.

వంతెన దాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. దీన్ని జాబితా చివర, వీలుంటే అని రాసుకున్నాను. రోజంతా వాచీ చూసుకున్న బాబాయి ఇక్కడ కదల్లేదు. మొదలు మీద చెయ్యి పెట్టి, "నీళ్ళు ఎందాకా వచ్చుంటాయంటావు?" అని అడిగాడు. తర్వాత 1986 గోదావరి వరద మొదలుపెట్టాడు. బడి మేడ మీద రెండు రాత్రులు, పక్కనే ఎవరిదో దూడ, తడిసిన అటుకులు. నేను చాలాసార్లు విన్న కథే, కానీ దూడ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఇద్దరు ఆగి విన్నారు. పిన్ని గట్టు మీద కూర్చుని గాజులు ఎడమ చేతికోసారి, కుడి చేతికోసారి మార్చి చూసుకుంటోంది.

మెట్రో దాకా ఆటోలోనే వెళ్ళాం. రైల్లో పిల్లాడు నిద్రపోయాడు. మియాపూర్ వచ్చే ముందు పిన్ని అడిగింది, "గోల్కొండలో కూర్చోడానికి ఉంటుందట్రా?"

ఉంటుందన్నాను. మెట్లు మూడొందల పైచిలుకని ఇంకా చెప్పలేదు.