ఆ వర్గమూలానికి ధన గుర్తు ఎవరిచ్చారు?

కలన గణితాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకుంటూ ఈ మధ్యనే విలోమ త్రికోణమితీయ ప్రమేయాల అవకలనం దగ్గరకు వచ్చాను. ఆరు సూత్రాల పట్టికను అందరూ కంఠస్థం చేస్తారు గానీ, నిజానికి గుర్తుంచుకోవలసినది ఒక్కొక్క ప్రమేయం వ్యాప్తి (అంటే అది ఇవ్వగల విలువల పరిధి) మాత్రమేనని నాకు అనిపిస్తోంది.

వై = సైన్ ఇన్వర్స్ ఎక్స్ అనుకుంటే, సైన్ వై = ఎక్స్. రెండు వైపులా ఎక్స్ దృష్ట్యా అవకలనం చేస్తే వై అవకలజం 1/కాస్ వై అని తేలుతుంది. సైన్, కాస్ వర్గాల మొత్తం 1 కనుక కాస్ వై విలువ ±√(1 − ఎక్స్²). ఇందులో ధన గుర్తునే ఎందుకు తీసుకుంటాం? సైన్ ఇన్వర్స్ వ్యాప్తి −పై/2 నుంచి పై/2 వరకే కాబట్టి, ఆ మేరలో కాస్ ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి. కాస్ ఇన్వర్స్‌కు మళ్ళీ ఇదంతా చేయనక్కరలేదు. ఆ రెండింటి మొత్తం ఎప్పుడూ పై/2 కనుక అవకలజంలో గుర్తు మారితే చాలు.

వ్యాప్తిని మరిచిపోతే ఏమవుతుందో సైన్ ఇన్వర్స్ (2ఎక్స్/(1 + ఎక్స్²)) చక్కగా చూపిస్తుంది. ఎక్స్ = టాన్ తీటా అని ప్రతిక్షేపిస్తే లోపలిది సైన్ 2తీటా అవుతుంది; జవాబు 2 టాన్ ఇన్వర్స్ ఎక్స్, అవకలజం 2/(1 + ఎక్స్²) అని చేయి దానంతటదే రాసేస్తుంది. ఇప్పుడు ఎక్స్ = √3 తీసుకోండి. లోపలి విలువ √3/2, దాని సైన్ ఇన్వర్స్ పై/3; కానీ 2 టాన్ ఇన్వర్స్ √3 మాత్రం 2పై/3. ఎక్స్ 1 దాటగానే 2తీటా పై/2ను మించిపోతుంది కనుక అసలు జవాబు పై − 2 టాన్ ఇన్వర్స్ ఎక్స్, అవకలజం −2/(1 + ఎక్స్²). సరిగ్గా ఎక్స్ = 1 వద్ద ఎడమ వాలు 1, కుడి వాలు −1; రేఖాచిత్రం అక్కడ మొన తేలుతుంది, అవకలజమే ఉండదు. (పరీక్షలలో ఈ షరతును చెప్పకుండానే ప్రశ్న అడిగేయడం నాకు నచ్చదు.)

సెక్ ఇన్వర్స్ అవకలజపు హారంలో ఎక్స్‌కు పరమ విలువ గుర్తు ఉండడానికీ కారణం వ్యాప్తే. సెక్ అవకలజం సెక్, టాన్‌ల లబ్ధం కనుక హారంలోకి వచ్చేది అదే; 0 నుంచి పై వరకు, పై/2ను మినహాయించి, ఆ లబ్ధం ఎన్నడూ రుణాత్మకం కాదు. కొందరు రచయితలు రుణాత్మక ఎక్స్‌కు మూడవ పాదంలోని కోణాలను ఎంచుకుంటారు. వారి సూత్రంలో ఆ పరమ విలువ గుర్తు కనిపించదు.