మాటకి తోడేంటో చూడాలి

ఆదివారం. పొద్దున్నే కాస్త తీరిక దొరికితే ఇంగ్లిష్ కార్డుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. కార్డుకి ముందువైపు ఒక వాక్యం, అందులో నేర్చుకోవాల్సిన మాట దగ్గర ఖాళీ. ఆ మాట వెనకవైపు ఉంటుంది. తిప్పి చూడకుండా చెప్పగలిగితే కార్డు తర్వాతి అరలోకి, చెప్పలేకపోతే మళ్లీ మొదటి అరలోకే. సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. వెనక అరల్లోవి తక్కువసార్లు, మొదటి అరలోవి రోజూ చూడాలి కాబట్టి టైమంతా మనల్ని సతాయించే మాటల మీదే పడుతుంది.

ఇవాళ 'మిటిగేట్' దగ్గర చాలాసేపు ఆగాను. తీవ్రత తగ్గించడం అని అర్థం తెలిసినంత మాత్రాన పని జరగదు. దేన్ని తగ్గిస్తాం? రిస్క్‌ని, నష్టాన్ని, ఏదైనా చెడు ప్రభావాన్ని. ఒంటి బరువుని మిటిగేట్ చేశానని ఎవరూ అనరు. పైగా దీని పోలికతోనే 'మిలిటేట్' అని ఇంకొకటుంది. దాని పక్కన సాధారణంగా 'ఎగైనెస్ట్' వస్తుంది, ఏదైనా జరగకుండా అడ్డుపడే పరిస్థితుల గురించి వాడతారు. ఈ రెండిట్నీ ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లే కలిపేస్తుంటారు! కార్డు అంచున పెన్సిల్‌తో రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్ అని రాసిపెట్టుకున్నాను.

అందుకే 'ఎ' నుంచి 'జెడ్' దాకా అర్థాలు మాత్రమే ఇచ్చే లిస్టులంటే నాకు నమ్మకం లేదు. ఒకేలా కనిపించే మాటల్ని వరసగా బట్టీ పడితే అన్నీ కలగాపులగం అయిపోతాయి. లిస్టే కావాలంటే అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ మేలు. మొత్తం 570 పద కుటుంబాలు (ఒక మూల పదం, దాన్నుంచి వచ్చే రూపాలు కలిపి ఒక కుటుంబం), అన్నీ చదువుల పుస్తకాల్లో తరచూ తగిలేవే. ఎనలైజ్, కాన్సెప్ట్, సిగ్నిఫికెంట్... వింటే అబ్బా అనిపించేవి కావు. కానీ ఒక రిపోర్టు రాయాలన్నా, పెద్ద వ్యాసం చదవాలన్నా వీటితోనే పని. అరుదైన మాటల కోసం వీటిని దాటేసి పోవడం నాకు నచ్చదు.

సాయంత్రం ఒక వ్యాసంలో, సొంత జీవితం గురించి 'రెటిసెంట్'గా ఉండే శాస్త్రవేత్త ఎదురయ్యాడు. వెంటనే డిక్షనరీ తీయలేదు. పక్కన 'అబౌట్' ఉంది, ఇంటర్వ్యూలు ఇవ్వడని కింది వాక్యంలో ఉంది. మనసులో మాట బయటపెట్టని మనిషన్నమాట. తర్వాత చూస్తే అదే. పని చేయడానికి వెనకాడే 'రిలక్టెంట్' వేరు. కొత్త కార్డు రాసి మొదటి అరలో పెట్టాను.

రేపు స్నేహితురాలికి పెద్ద మెయిల్ రాయాలి. అందులో దీనికి చోటు దొరుకుతుందేమో చూస్తాను, ఇరికించను మాత్రం.