రంగు మారితే సరిపోదు

ఆదివారం కదా అని రాజురాలో ఇంటిపట్టునే ఉన్నా. పొద్దున ఆర్వో ప్లాంటు దగ్గర క్యాన్ పెట్టి లైన్లో నిలబడితే పక్కింటి పెద్దమ్మ అందుకుంది. "గీ నీళ్ల సదువే సదువుతున్నవట గద బిడ్డా, మా బోరు ఎప్పుడు బాగుజేస్తవ్?" నవ్వేసి ఊరుకున్నా. చంద్రపూర్ జిల్లాలో ఎన్నో ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటే ఉంటుంది. పెద్దమ్మ పళ్ల మీది గోధుమరంగు చారలే సాక్ష్యం.

నేను పరిశోధనలో చేసేది ఫ్లోరైడ్‌ను పట్టుకునే యూరియా రకం అణువులు (ఎరువు యూరియా కాదు, దానిలాగే ఎన్‌హెచ్ గుంపులున్నవి). మొన్న లేత పసుపు ద్రావణంలో ఫ్లోరైడ్ లవణం చుక్కలు వెయ్యగానే ఎర్రగా తిరిగింది. ల్యాబ్ అంతా ఫోన్లతో మూగారు. నాకైతే ఆ ఎరుపు మీద నమ్మకం లేదు. అణువులోని హైడ్రోజన్లు ఎలా ఉన్నాయో చూపించే ఎన్‌ఎమ్‌ఆర్ పరీక్షలో యూరియా ఎన్‌హెచ్ పీకు మాయమై, 16 పీపీఎం (ఇక్కడ గాఢత కాదు, ఆ స్కేలు మీది స్థానం) దగ్గర మూడు మొనల చిన్న పీకు లేచింది. అది బైఫ్లోరైడ్, అంటే ఒక ప్రోటాన్‌ను పంచుకున్న రెండు ఫ్లోరైడ్లు. అంటే ఫ్లోరైడ్ మా అణువులో కూర్చోలేదు, దాని ప్రోటాన్ లాక్కుని వెళ్లిపోయింది. ఇటలీలో ఫాబ్రిజ్జి బృందం 2004లోనే ఈ సంగతి చూపించింది. అయినా "ఫ్లోరైడ్ సెన్సార్" పేరుతో పేపర్లు ఆగవు.

ధన అయాన్లతో ఇంత తంటా లేదు. 1967లో రసాయన శాస్త్రవేత్త పెడర్సన్ ప్రకటించిన, ఉంగరంలా ఉండి మధ్యలో అయాన్‌ను పట్టుకునే క్రౌన్ ఈథర్లలో 18-క్రౌన్-6 రంధ్రం 2.6 నుంచి 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొటాషియం అయాన్ వ్యాసం 2.76. చక్కగా ఇమిడిపోతుంది. ఫ్లోరైడేమో అమ్మ కొంగు వదలని పిల్లాడిలా నీటిని వదలదు. దాన్ని నీటి నుంచి విడదియ్యాలంటే మోలుకు దాదాపు 465 కిలోజౌళ్లు కావాలి, క్లోరైడ్‌కు 340 చాలు. మేం నీటి తడి లేని డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో గెలిచి బోరు నీళ్లలో ఓడిపోయేది ఇందుకే.

పెద్దమ్మకు ఇప్పటికిప్పుడు పనికొచ్చేది పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతే. పేరు మన వైపుది, రూపొందించింది నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ). నా అణువు దాని దరిదాపుల్లో కూడా లేదు. ఉంటుందని గైడ్‌కు కూడా చెప్పను.

సాయంత్రం బల్లార్షాలో రైలెక్కాలి. రేపు మొదటి పని, ఫ్లోరైడ్ బదులు, ప్రోటాన్ లాక్కునే క్షారమైన హైడ్రాక్సైడ్ వేసి చూడటం. అప్పుడూ అంతే ఎర్రబడితే ఆ రంగు ప్రోటాన్ పోవడం వల్లే అన్నమాట; ఇక యూరియాను పక్కనపెట్టి బోరాన్ వైపు పోతా. ఆ దారిలో నీళ్లలోనే ఫ్లోరైడ్‌ను పట్టినవాళ్లు ఉన్నారు.