టీసీఎఫ్ కెనడా లిజనింగ్: ‘ప్లుస్’ దగ్గర మార్కులు పోకుండా

కెనడా వలసకు రాసే ఫ్రెంచ్ భాషా పరీక్ష టీసీఎఫ్ కెనడా లిజనింగ్‌లో 35 నిమిషాలకు 39 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. కాబట్టి కొత్త పదాల జాబితాలు పెంచుకునే ముందు, ప్రతి సంభాషణలో దొర్లే ‘ప్లుస్’ సంగతి తేల్చుకోండి. రాస్తే పీ, ఎల్, యూ, ఎస్ అనే నాలుగక్షరాలే. అర్థాలు మాత్రం ఎదురెదురు: ‘ఇంకా ఎక్కువ’, ‘ఇక లేదు’.

రాతలో ఇబ్బంది తక్కువ. క్రియకు ముందు ‘న’ ఉంటే ‘ఇక లేదు’ అని తెలిసిపోతుంది. మాటల్లో ఫ్రెంచ్‌వాళ్లు ఆ ‘న’ను మింగేస్తారు. అప్పుడు చివరి ఎస్సే ఆధారం. ‘యా ప్లుస్ ద పాఁ’ అంటే రొట్టె ఇంకా ఎక్కువ ఉంది. ‘యా ప్లు ద పాఁ’ అంటే రొట్టె అయిపోయింది. ‘ఓఁ’ (మనం) కర్తగా వచ్చి, తర్వాతి క్రియ ‘ఆ’ (ఉంది) లాగా అచ్చుతో మొదలైతే మరీ చిక్కు: ‘న’ ఉన్నా లేకపోయినా లియేజోఁ (చివరి హల్లును తర్వాతి అచ్చుతో కలిపి పలకడం) వల్ల ‘ఓనా’ అనే వినిపిస్తుంది. అక్కడ ‘న’ కోసం వెతకడం వృథా, చెవి ఎస్ మీదే పెట్టండి.

అలాగని ఎస్ వినపడని ప్రతిచోటా ‘లేదు’ అనుకుంటే దెబ్బతింటారు. తర్వాత విశేషణం వస్తే పోలికలో కూడా ఎస్ పలకదు: ‘ప్లు గ్రాఁ’ అంటే ఇంకా పెద్దది. ఆ విశేషణం అచ్చుతో మొదలైతే ఎస్ కాస్తా ‘జ్’ అవుతుంది. ‘ద ప్లుజాఁ ప్లుస్’ (అంతకంతకూ) ఒక్కటి బాగా నోటికి పడితే రెండు పలుకుబడులూ వచ్చేస్తాయి. అందుకే ‘ప్లు’ వినగానే జవాబు గుర్తించకండి, తర్వాతి మాట దాకా ఆగండి.

రైలు, టికెట్ల ప్రకటనల్లో ఇంకో వల ఉంటుంది: ‘ఇల్ న రెస్త్ ప్లు క దో ప్లాస్’. సీట్లు లేవని కాదు, ఇక రెండే మిగిలాయని. ‘క’ వదిలేస్తే జవాబు తలకిందులే.

ఇక్కడ తెలుగు మనకు అక్కరకొస్తుంది. ‘ఇంకా రాలేదు’ అంటే ‘పాజాఁకోర్’, ‘ఇక రాడు’ అంటే ‘ప్లు’. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా నేరుగా ఇలా కలుపుకోండి.

సాధనకు ఆర్‌ఎఫ్‌ఐ రేడియోవారి ‘జుర్నాల్ ఆఁ ఫ్రాఁసే ఫసీల్’ మంచిది. పది నిమిషాల వార్తలు, చదివిన మాటల పాఠం (రాతప్రతి) కూడా దొరుకుతుంది. ముందు పాఠం చూడకుండా వినండి. ‘ప్లు’, ‘ప్లుజ్’, ‘ప్లుస్’ ఏది వినపడితే అది, తర్వాతి మాటతో కలిపి రాసుకోండి. ఆ తర్వాతే పాఠంతో సరిచూసుకోండి. అయితే వార్తలు చదివేవాళ్లు ‘న’ను ఎక్కువగా పలికేస్తారు, కాబట్టి వీధి ఇంటర్వ్యూలు కూడా కలపండి. వాటిలో వాతావరణం మాట వస్తే ‘ఇలా ప్లు’ అనేది ఈ పదమే కాదు, వాన పడిందని అర్థం.