ఇటు అంకుడు కర్ర, అటు పొనికి కట్టె

ఏటికొప్పాక బొమ్మలు, నిర్మల్ బొమ్మలు కలిపి మూడు నిమిషాల వీడియో చేయాలి. మాది అనకాపల్లి వైపు మల్టీమీడియా డిప్లొమా. నిర్మల్ దగ్గర కాలేజీ సార్‌తో మా సార్ మాట్లాడి జట్లు కట్టారు. నాకు పడ్డ తమ్ముడు మొదటి కాల్‌లోనే "ఎడిటింగ్ నువ్వు చూస్కో అక్కా, ఇక్కడి షూటింగ్ నేను చూస్కుంట" అన్నాడు. సగం పని అయిపోయినట్టే అనుకున్నాను.

నేను సెకనుకి 25 ఫ్రేముల్లో తీశాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు కింద షట్టర్ 1/50 సెకను పెడితే మినుకుమినుకు రాదు. వాడి ఫోను 30లో ఉంది. ముందే అడగాల్సింది, అడగలేదు. పైగా 4కె. ఒక్క నిమిషం క్లిప్పే 300 ఎంబీ దాటింది, వాడి రోజు డేటా అందులోనే హరీ. చివరికి చిన్న సైజు కాపీలు డ్రైవ్‌లో పెట్టాడు, అసలు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో కొరియర్ చేశాడు. ఆన్‌లైన్ ప్రాజెక్టు మరి! అవి వచ్చాక, చిన్న కాపీలతో చేసిన ఎడిటింగ్‌కి తగిలిస్తే టైమ్‌లైన్ అంతా ఎరుపే, అంటే ఫైళ్లు దొరకలేదని. పంపే ముందు ముద్దుగా పేర్లు మార్చాడట. ఏది ఏ క్లిప్పో వెతికి కలపడానికి ఒక సాయంత్రం పట్టింది.

అసలు టెన్షన్ తెలుగు అక్షరాలతో వచ్చింది. టైటిళ్లు వాడు డీటీపీ షాపుల్లో వాడే పాత ఫాంటులో కొట్టాడు. నా సిస్టమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. అది యూనికోడ్, అంటే ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తించే పద్ధతి, కాదు. ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు వేషం వేసినట్టు, ఫాంటు లేని చోట వేషం ఊడిపోతుంది. మళ్లీ అంతా యూనికోడ్‌లో కొట్టి, ఉచితంగా దొరికే రామభద్ర ఫాంటు పెట్టాను. ఈసారి 'ఏటికొప్పాక' కాస్తా 'ఏటికొప్‌పాక' అయింది! ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో, అక్షరాలు కూర్చే టెక్స్ట్ ఇంజిన్ దక్షిణాసియా భాషలకి మారిస్తేనే వత్తు కిందకి దిగింది. ఈ ముక్క తెలియడానికి రెండు రోజులు. క్లాసులో మొదటి వారమే చెప్పాల్సిన సంగతి ఇది.

స్క్రిప్టు దగ్గర చిన్న తగువు. నిర్మల్ బొమ్మలు చేసేదాన్ని నేను 'పొనికి కర్ర' అని రాస్తే "కర్ర అంటే చేతికర్ర అక్కా, మేం కట్టె అంటం" అన్నాడు. మా ఏటికొప్పాక బొమ్మల అంకుడు మాత్రం కర్రే. ఒకే మాట ఉంటే బాగుంటుందని సార్ అన్నారు గానీ మేం వినలేదు. నా భాగం నా గొంతుతో, వాడి భాగం వాడి గొంతుతో ఉంచేశాం.

నాకు నచ్చిన కట్ ఒకటుంది. మా వైపు లేతు మీద తిరిగే కర్రకి లక్క ఆనిస్తారు, రాపిడి వేడికి అది కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ రొద ఆగకుండానే తెర మీదకి నిర్మల్‌లో పొనికి చెక్కే చేతులు వస్తాయి. అది చూసి తమ్ముడు అర్ధరాత్రి ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ చప్పుడు నా దాంట్లకెట్లొచ్చింది?"