జోజిలా మంచు: పన్నెండు బేసుల పని ఎంతవరకు వచ్చింది

ఈ చలికాలానికి పెట్టుకున్న బొమ్మల పని 1948 నాటి జోజిలా, అంటే కాశ్మీర్ నుంచి లద్దాఖ్‌కు పోయే కనుమలో పాకిస్తాన్ వైపు వాళ్ళతో జరిగిన పోరు. ఆ ఏడాది నవంబరు 1న మన 7వ లైట్ కావల్రీ స్టువార్ట్ ట్యాంకులు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమలోకి ఎక్కాయి. అంత ఎత్తుకు ట్యాంకులు వస్తాయని ఎదుటివాళ్ళు ఊహించలేదు. కనుమ కింద ఉన్న బాల్తాల్ నుంచి పైకి దారి వేసింది మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలోని ఇంజనీరు దళం. నా దగ్గర 28 మిల్లీమీటర్ల సైజు సిపాయి బొమ్మలు పన్నెండు, ఒక స్టువార్ట్ బొమ్మ ఉన్నాయి. వాటికి రంగులు వేయడం అక్టోబరులోనే అయిపోయింది. మిగిలింది వాళ్ళ కాళ్ళ కింద నేల, దాని మీద మంచు.

తిరుపతిలో పుట్టి పెరిగిన నేను మంచు పడగా ఎప్పుడూ చూడలేదు. డిసెంబరులో తిరుమల కొండ మీద కమ్ముకునేదాన్నీ మంచే అంటాం, పొద్దున్నే గడ్డి మీద తడినీ మంచే అంటాం, జోజిలాలో పడేదాన్నీ మంచే అంటాం. మూడింటికీ ఒకటే మాట, చూపు మాత్రం వేరు. అందుకని మిలిటరీలో ఉన్నప్పుడు జోజిలా అవతలి ద్రాస్‌లో రెండు చలికాలాలు గడిపిన మా చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాను.

బేసులు, అంటే బొమ్మలను నిలబెట్టే అడుగు పలకలు, ఫొటో ఫ్రేముల షాపులో మిగిలిన ఎండీఎఫ్ (చెక్కపొడి అట్ట) ముక్కలతో కోయించినవి. వాటి మీద ఫెవికాల్ పూసి, జల్లించిన ఇసుక, చిన్న రాళ్ళు అంటించి, ముదురు బూడిద రంగు వేశాను. మొదటి బేసు మీద మంచుకు వాడింది ముగ్గుపిండి. పోసినప్పుడు తెల్లగానే ఉంది. తెల్లారేసరికి జిగురు పీల్చుకుని తడిసిన సిమెంటులా తయారైంది. చిన్నాయన చూసి, "ఏం నాయనా, వాకిట్లో ముగ్గు పోసినట్టుండాది గానీ మంచు పడినట్టు లేదే" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. రాతిపొడిలోకి వెలుతురు పోదు. మంచు రేణువులోకి పోయి చెదిరి బయటికొస్తుంది, ఆ తెలుపు దానివల్లే వస్తుంది.

ఉప్పు జోలికి పోలేదు. ఈ స్కేలు దాదాపు 1:56, అంటే బొమ్మ అసలు కొలతలో యాభై ఆరో వంతు. అర మిల్లీమీటరు ఉప్పుగల్లు అంటే అసలు కొలతలో మూడు సెంటీమీటర్ల గడ్డ. పైగా మన వానాకాలంలో చెమ్మ పట్టి నీరు కారుతుంది. వంటసోడా, ఫెవికాల్ కలిపితే మొదట్లో బాగుంటుంది. రెండేళ్ళ కిందట అలా చేసిన బేసు ఒకటి అల్మరాలో ఉంది, ఇప్పుడది నెయ్యి రంగుకు తిరిగింది. ఫెవిక్విక్ మీద సోడా చల్లితే ఇంకో సంగతి: క్షణంలో వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. తెలియక ఒక సిపాయి బూటు దగ్గర చల్లి, సరిచేయబోతే చీలమండ దగ్గర విరిగింది. పిన్ను గుచ్చి అతికించాను. పెద్ద రాళ్ళు బేసుకు పట్టించడానికి మాత్రం ఈ జోడీని మించింది లేదు.

నాకు పని చేసింది గ్లాస్ మైక్రోబెలూన్లు, అంటే ఫైబర్ పనివాళ్ళు రెసిన్‌లో కలిపే బోలు గాజుపూసల పొడి. మాస్కు తప్పనిసరి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఫ్యాను కూడా ఆపాలి, లేదంటే పొడి ఇల్లంతా లేస్తుంది. నా కొలత: పొడి రెండు పాళ్ళు, ఫెవికాల్ ఒక పాలు, తెల్ల అక్రిలిక్ రంగు ఒక పాలు, మెరుపునిచ్చే గ్లాసీ వార్నిష్ నాలుగైదు చుక్కలు. ఫెవికాల్ ఆరితే పారదర్శకం అవుతుంది కాబట్టి తెల్లరంగు వేయకపోతే కింది బూడిద రంగు పైకి కనిపిస్తుంది. ముద్ద పెరుగన్నం పాకంలో ఉండాలి. పలచనైతే ఆరేటప్పుడు కుంగి పగుళ్ళిస్తుంది.

అసలు మెళకువ ఎక్కడ పెట్టాలన్న దాంట్లోనే ఉంది. ముందు బేసు అంచున పెన్సిలుతో గాలి దిక్కుకు ఒక బాణం గీస్తాను, పన్నెండింటికీ అదే దిక్కు. గాలి తగిలే వైపు రాయి బయటపడి ఉంటుంది, చాటు వైపు మంచు వాలుగా పేరుకుంటుంది. అడుగు మందం మంచంటే ఇక్కడ ఐదున్నర మిల్లీమీటర్లు. సిపాయిల దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటనివ్వలేదు, నవంబరు మొదట్లో తొలిమంచు కదా. ముద్దను తడిపిన టూత్‌పిక్‌తో రాయి మొదట్లోకి నెట్టి, అంచును తడి బ్రష్షుతో నేలలో కలిపేయాలి. తడి ఆరకముందే టీ ఫిల్టర్‌లో పొడి వేసి పైనుంచి వేలితో తట్టాలి. ఆ చివరి పొర వల్లే ముద్ద మంచులా మారుతుంది. దీపం కింద తిప్పి చూస్తే, రాయి నీడలో సన్నటి నీలిఛాయ దానంతటదే కనిపించింది, నేను ఏ రంగూ వేయలేదు. ఆ రాత్రి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నవంబరు మూడో వారంలో వానలు పట్టాయి. ఆగలేక బొమ్మల మీద మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టాను. గాలిలో చెమ్మకు రెండు బొమ్మల యూనిఫాం మీద తెల్లటి పొగ పట్టింది. బ్రష్షుతో గ్లాసీ వార్నిష్ ఒక పూత వేస్తే అది పోయింది. మ్యాట్ ఎండ వచ్చాకే వేశాను, మంచు మీద మాత్రం వేయలేదు. వేస్తే ఆ మెరుపు చచ్చిపోతుంది.

ఇప్పటికి తొమ్మిది బేసులు పూర్తి. నిన్న స్టువార్ట్ బేసు మొదలైంది. ముద్ద తడిగా ఉండగానే మిగిలిన ట్రాక్ (ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే పట్టా) ముక్కను నీళ్ళలో ముంచి నొక్కుకుంటూ పోతే పట్టీల అచ్చు చక్కగా పడింది. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "బండి తిరిగిన దారిలో ఇంత తెల్లంగా ఉండదు నాయనా, మట్టి కలిసి బురదైపోతాది" అన్నాడు. అచ్చుల మధ్య గోధుమ రంగును నీళ్ళతో బాగా పలచన చేసి సన్నబ్రష్షుతో దించుతున్నాను. ఎడమ ట్రాక్ అయింది, కుడిది ఆరుతోంది.